నిలబడే ఉద్యోగం

వెనక్కి చూడొద్దని, మంచు మీద జారడం నేర్పే గురూజీ నాలుగు రోజులుగా చెబుతూనే ఉన్నాడు, నేను చూస్తూనే ఉన్నాను, పడుతూనే ఉన్నాను. కాళ్లకు కట్టిన ఈ పొడుగు స్కీ పలకలు కదిలాయంటే చాలు, నా మెడ దానంతటది వెనక్కి తిరుగుతుంది. ఆయనకేం తెలుసు, పదేళ్లు పల్లెవెలుగు బస్సులో కండక్టరు పని చేసిన మెడ ఇది. బండి కదిలే ముందు వెనక తలుపు చూడాలి. ఎక్కుతున్న ముసలమ్మ రెండో కాలు కూడా లోపల పెట్టిందా, కమ్మీకి వేలాడే కాలేజీ పిల్లలు లోపలికి జరిగారా, ఎవరి కొంగైనా కింద వేలాడుతోందా, అన్నీ చూసుకుని అప్పుడు రైట్ రైట్ అనాలి. జనగామ నుంచి తరిగొప్పుల దాకా ఎన్ని స్టాపులో అన్నిసార్లు వెనక్కి చూపు, మళ్లీ వచ్చేటప్పుడు అన్నిసార్లు. ఇక్కడ ఉత్తరాదిన, ఈ ఔలీలో, మంచుకొండ నెత్తిన, నా వెనక తలుపూ లేదు, ముసలమ్మా లేదు. అయినా మెడ వినదు. మెడ తిరిగితే భుజం తిరుగుతుంది, భుజం తిరిగితే పలక మీద పలక ఎక్కుతుంది, ఆ తర్వాత నేనూ మంచూ ఒకటే. పీఛే క్యా హై, వెనక ఏముందమ్మా, అని నవ్వుతాడు గురూజీ. ఏముందని చెప్పను? కూర్చున్నవాళ్లు యాభై మంది, నిలబడ్డవాళ్లు అరవై మంది ఉన్నారని చెప్పనా?

ఇప్పుడైతే వెనకా లేదు, ముందూ లేదు. మూడు దాటాక కుర్చీల లిఫ్టు ఎక్కి పైకి వచ్చేసరికి కళ్లు చిట్లించాల్సినంత ఎండ, ఎదురుగా నందాదేవి శిఖరం చేయి చాపితే తగిలేటట్టు ఉంది. పది నిమిషాలు కాకముందే పొగమంచు, పచ్చికట్టెలు పొయ్యిలో పెట్టినట్టు, ఎక్కడినుంచి లేచిందో లేచి అంతా కమ్మేసింది. నా చేతికున్న ఎర్ర తొడుగు కనబడుతోంది, ఆ చేతిలోని కర్ర సగం దాకా కనబడుతోంది, కర్ర కొస లేదు. గురూజీ గొంతు మాత్రం వినబడింది. ఎవరూ కదలొద్దు, అరగంటో గంటో ఉంటుంది, తేలిపోతుంది, భయమున్నవాళ్లు మళ్లీ లిఫ్టు కుర్చీలో కూర్చుని కిందికి పోవచ్చు, ఇందులో సిగ్గుపడేదేమీ లేదు, అన్నాడు. మా తండాలో మాట్లాడుకునే భాషకు ఆయన హిందీ చుట్టం, పాణీ అన్నా ఘర్ అన్నా మా ఇంటి మాటే, కాబట్టి అర్థం కాలేదని తప్పించుకోవడానికీ లేదు. కూర్చుని అన్న మాట దగ్గర నా చేయి కోటు లోపలి జేబు మీదికి పోయింది. కాగితం అక్కడే ఉంది.

ఆ కాగితం ప్రకాశ్ రాసిపెట్టాడు. ప్రకాశ్ నా మొగుడు, భూపాలపల్లి బొగ్గు బాయిలో పని, చేతులు ఎంత మొరటువో రాత అంత ముద్దుగా ఉంటుంది. గౌరవనీయులైన డిపో మేనేజరు గారికి, ప్రమాదం తర్వాత నడుస్తున్న బస్సులో నిలబడి డ్యూటీ చేయలేకపోతున్నాను, కావున కూర్చుని చేసే పనిని నాకు శాశ్వతంగా ఇప్పించవలసిందిగా ప్రార్థన, ఇట్లు బి. రాజీ. సంతకం ఒక్కటే బాకీ. ఇరవై నాలుగో తారీఖు సోమవారం ఇవ్వాలి, ఆ తర్వాత తీసుకోరు, ఇచ్చాక వెనక్కి ఇవ్వరు. పొద్దున లేచి మంచం మీదే అనుకున్నాను, ఈ కొండ పైనుంచి కింద టీ కొట్టు దాకా ఒక్కసారి కూడా పడకుండా దిగానా, కాగితం చింపేసి బస్సెక్కుతాను. పడ్డానా, పడ్డచోటనే మంచులో కూర్చుని సంతకం పెడతాను. పెన్ను కూడా జేబులో వేసుకున్నాను. నా మీద నాకు అంత నమ్మకం మరి! ప్రకాశ్‌కు చెప్పలేదు. చెబితే నీ ఇష్టం అంటాడు, ఆ నీ ఇష్టం అనే మాటతోనే నాకు ఆరు నెలలుగా ఒళ్లు మండుతోంది.

పోయిన వానాకాలం, రఘునాథపల్లి దాటాక. ఎవరి తప్పూ లేదు. డ్రైవరు కొత్త పిల్లవాడు, మంచివాడు, రోడ్డు మీదికి బర్రె వస్తే ఏం చేస్తాడు, బ్రేకు తొక్కాడు. నేను వెనక తలుపు దగ్గర, ముఖం వెనక్కి పెట్టి, ఒకామెకు చిల్లర లెక్కపెట్టి ఇస్తున్నాను. లెక్క పూర్తి కాలేదు. తర్వాత నాకు తెలిసింది రోడ్డు, చెంప కింద కంకర, ఎక్కడో దొర్లుతున్న రూపాయి బిళ్ల చప్పుడు. గూడ ఎముక, మణికట్టు, రెండూ విరిగాయి. పదేళ్లలో కమ్మీ పట్టుకోని మనిషిని నేను! ఒక చేత టికెట్ మిషను, ఒక చేత డబ్బులు, చంకలో సంచి, గుంతల రోడ్డు మీద ఈ చివర నుంచి ఆ చివరకు నడిచిపోతుంటే జనం నోరెళ్లబెట్టి చూసేవాళ్లు. అదేదో విద్య అనుకునేవాళ్లు. విద్యేమీ లేదు, అంతా బిక్షపతన్న గొంతులో ఉంది. ఎనిమిదేళ్లు మా బండి నడిపిన డ్రైవరు బిక్షపతన్న. బ్రేకు తొక్కే ముందు ఆయన గొంతు సవరించుకుంటాడు. ఖుహుఁ. చిన్న చప్పుడే, ఇంజను మోతలో ఇంకెవరికీ వినబడదు, నా మోకాళ్లకు వినబడేది. ఖుహుఁ అనగానే అవి వంగేవి, బండి ఆగేది, నేను ఆగేదాన్ని, మాట కూడా తెగేది కాదు. ఆ అలవాటు ఉన్నట్టు ఆయనకే తెలియదు. రిటైరైన రోజు దండలేసి బండి నుంచి దింపుతుంటే చెప్పాను, చెబితే నమ్మలేదు, నేనెప్పుడు దగ్గిన, అన్నాడు, అని గొంతు సవరించుకున్నాడు. నా మోకాళ్లు వంగాయి. అందరూ నవ్వారు, ఆయన నవ్వి నవ్వి ఏడ్చాడు.

ఎముకలు మూడు నెలల్లో అతుక్కున్నాయి. దవాఖానలో డాక్టరు ఎక్స్‌రే ఫోటో చూసి మొదటికంటే గట్టిగా ఉన్నాయన్నాడు. డ్యూటీ ఎక్కిన మొదటి రోజు బండి కదలగానే రెండు చేతులూ కమ్మీని పట్టుకున్నాయి, పట్టుకుని వదలవు. టికెట్, టికెట్, అని జనం అడుగుతున్నారు. జనమే కండక్టరును టికెట్ అడిగిన బస్సు ఈ లోకంలో అదొక్కటే అయి ఉంటుంది. మూడు రోజులు చూశారు, నాలుగో రోజు విచారణ కిటికీ వెనక కూర్చోబెట్టారు. మైకులో బండ్ల పేర్లు చదువుతాను. తరిగొప్పుల పోవు బండి మూడో నంబరు ప్లాట్‌ఫారం వద్ద సిద్ధంగా ఉంది, అంటాను. అది పోతుంది, నేను చూస్తాను. ఆ కుర్చీకి మెత్త కూడా ఉంది, ఫ్యాను ఉంది, నీడ పట్టున పని, అదృష్టం అంటారు అందరూ. వాళ్లను పట్టుకుని కొట్టాలనిపిస్తుంది నాకు.

సింగరేణిలో నాలుగేళ్లకోసారి ఇల్లు విడిచి దేశం చూసి రమ్మని ప్రయాణపు సెలవు ఇస్తారు. ఈసారి ప్రకాశ్, వాళ్ల బాయిలో తోటివాడు మహిపాల్, ఇంకో ఇంటివాళ్లు కలిసి మంచు చూద్దామన్నారు. చూశారు, అద్దె కోట్లు వేసుకుని ఫోటోలు దిగారు, ఒకరి మెడలో ఒకరు మంచు వేసుకున్నారు, ఒక్క పూటలో వాళ్ల సరదా తీరింది. నేను ఫోటో కోసమే పలకలు కట్టించుకున్నాను. కట్టుకుని నిలబడగానే అవి అరచేయంత దూరం వాటంతటవే జారాయి, పట్టుకోవడానికి కమ్మీ లేదు, భయంతో అరిచాను, అరిచాక చూసుకుంటే నిలబడే ఉన్నాను. ఇంకోసారి, అన్నాను. ఆ రోజునుంచి ఇదే పని. ఒళ్లంతా నీలం మచ్చలు. బాయిలో పనిచేసేది నేనా నువ్వా, అంటాడు ప్రకాశ్, రాత్రి జండూబామ్ రాస్తూ.

పొద్దున అట్లా అనుకున్నా, ఇవాళ టీవీ వదిలి పైకి రాగలననుకోలేదు. కింద టీ కొట్టులో చిన్న టీవీ ఉంది, పొద్దున్నుంచి దాని ముందే ఉన్నారు వీళ్లు. లోక్‌సభలో మన తెలంగాణ బిల్లు. అరవై ఏళ్ల మాట, ఇవాళ మధ్యాహ్నం తేలుతుంది. అరుపులు, కాగితాలు, మళ్లీ అరుపులు, ఓటింగ్ అనే మాట వినబడిందో లేదో, బొమ్మ పోయింది. మహిపాల్ టీవీ చెంప మీద రెండు వేశాడు. కొట్టు యజమాని ఒట్టు పెట్టుకున్నాడు, నా డిష్‌లో ఏ దోషమూ లేదు, మిగతా అన్ని చానెళ్లూ వస్తున్నాయి చూడండి, అని. ఇంతలో తండా నుంచి మా తమ్ముడి ఫోను, అక్కడా ఆగిందట, ప్రసారమే ఆగిందట. అంటే కేసముద్రం నుంచి భూపాలపల్లి దాకా ప్రతి ఇంట్లో జనం ఖాళీ తెర ముందు కూర్చుని ఉన్నారన్నమాట. గురూజీ అప్పుడే పిలిచాడు, ఎండ బాగుంది, పైదాకా పోయేవాళ్లు రండి, అని. నేను ప్రకాశ్ ముఖం చూశాను.

"పో. నువ్వు గీడ కూసుంటే ఓటు జల్ది పడుతదా?" అన్నాడు. నాలుగడుగులు వేశాక వెనకనుంచి అరిచాడు. "పైన మబ్బు కమ్మితే పరేషాన్ గాకు. బాయిల లైటు ఆరితే ఉరుకం, ఉన్నకాడ నిలవడ్తం. మొఖానికి గాలి ఎటుదిక్కు నుంచి తాకుతదో చూడు. గదే తొవ్వ."

ఉన్నకాడ నిలబడ్డాను. గాలి ఎడమ చెంపకు తగులుతోంది. ఎంతసేపైందో తెలియదు, గడియారం తొడుగు కింద ఉంది, తొడుగు తీస్తే వేళ్లు ఉండవు. ఫోనులో సిగ్నల్ గీతలే లేవు. అయిపోయి ఉంటుందా? ఇంకా అరుస్తూనే ఉన్నారా? గట్టెక్కిందా, మళ్లీ ఎప్పటిలాగే నోటిదాకా వచ్చి జారిపోయిందా? నాలుగేళ్ల కింద డిసెంబరులో ఇస్తామన్నారు, పటాకులు కాల్చుకున్నాం, రెండు వారాలు కాకుండానే లేదన్నారు. కాల్చిన పటాకుల కాగితాలు ఇంకా బస్టాండు ముందరి మోరీలో ఉన్నాయి అప్పటికి. ఇవాళ పొద్దున్నుంచి నాకు నవ్వు రావట్లేదు, ఏడుపు రావట్లేదు, ఆకలి కూడా లేదు.

సమ్మె నాటి కడుపు ఇట్లా లేదు. ఆకలిగా ఉండేది, కానీ హాయిగా ఉండేది. రాష్ట్రం కోసం సకల జనుల సమ్మె, బండ్లన్నీ డిపోలో వరుసగా, చక్రాల కింద గడ్డి మొలిచింది. మేం గేటు ముందర రోడ్డు మీదే పొయ్యిలు పెట్టి వండుకుని తిన్నాం. సాయంత్రం ఆడవాళ్లం అక్కడే బతుకమ్మ ఆడాం. నాకు ఆ పాటలు రావు, మా తండా ఆట వేరు. మూడు రోజుల్లో వాళ్ల పాటలు నేను నేర్చుకున్నాను, నాలుగో రోజు వాళ్లకు మా ఆట నేర్పాను, బిక్షపతన్న అన్నం పళ్లెం మీద గరిటెతో దరువు. ఆయన రోజూ ఒకసారి లోపలికి పోయి మా బండి ముందరి అద్దం తుడిచి వచ్చేవాడు. నడవని బండికి అద్దమెందుకన్నా అంటే, గది సమ్మె చేస్తాంది, మొఖం కడుక్కోవద్దా, అనేవాడు. ఒకరోజు పోలీసులు వచ్చి అందరినీ వ్యానులోకి ఎక్కించారు. తోపులాట, నినాదాలు, నా చీర చిరిగింది, అంత గోలలో నా నోరు ఏమందో తెలుసా? ముందుకు జరగండి, ముందుకు జరగండి, లోపల ఖాళీ ఉంది, అంది. జరిగారు! చివరి మనిషి ఎక్కాక వెనక తలుపు చూసి రైట్ రైట్ అన్నాను, పోలీసు డ్రైవరు గేరు వేశాడు, వేశాక తిరిగి నన్ను చూశాడు. స్టేషను దాకా నవ్వుతూనే పోయాం.

ఆ వ్యానులో మొదలుపెట్టాడు బిక్షపతన్న ఆ మాట. రాష్ట్రం వచ్చిననాడు తరిగొప్పుల మొదటి బండి నేను తీస్త, రైట్ నువ్వు చెప్పాలె, అని. రాష్ట్రం రాలేదు, ఆయన రిటైరయ్యాడు. దండలు తీసి నా చేతిలో పెట్టి అప్పుడు మాట మార్చాడు. "నేనైతే దిగిన. నువ్వు దిగకు చెల్లె. తెలంగాణ వచ్చినంక పొయ్యే మొదటి బండ్ల ముందల సీట్ల కూసుంట. పాసు ఇంట్ల పెట్టి వస్త. పైసలిచ్చి టికెట్ తీసుకుంట, నువ్వే కొట్టాలె." సరే అన్నాను. ఎంత సులువుగా అన్నానో! ఎముకలు విరిగి దవాఖానలో ఉంటే చూడటానికి వచ్చాడు. రెండు బత్తాయిలు మంచం మీద పెట్టి గంటసేపు కూర్చున్నాడు. టికెట్ మాట ఎత్తలేదు. విచారణ కిటికీ దగ్గరికి కూడా రెండుసార్లు వచ్చాడు, తరిగొప్పుల బండి ఎప్పుడున్నదని అడిగాడు, ఆయనకు తెలియదా ఎప్పుడున్నదో? అప్పుడూ ఎత్తలేదు. ఎత్తి తిట్టినా బాగుండేది.

నా కుడిపక్కన ఎవరో ముక్కు చీదుకున్నారు. గుంటూరు మేడమ్. మా గుంపులోనే నేర్చుకుంటోంది, కాలేజీలో పాఠాలు చెబుతుందట, నాకంటే పదేళ్లు పెద్దది, నాకంటే ఎక్కువ పడుతుంది, పడ్డ ప్రతిసారీ అయ్యో సారీ అండీ అని మంచుకు చెబుతుంది.

"మీరు తెలంగాణా కదండీ? మీ మాట వింటే తెలిసింది," అంది.

సినిమాల్లో మా మాట ఎవరి నోట పెడతారో చూస్తూనే పెరిగాం, రౌడీల నోట, పనిమనుషుల నోట. అవునన్నాను, నవ్వు కోసం ఎదురుచూశాను. ఆమె నవ్వలేదు.

"మా నాన్నగారు పొద్దుట్నుంచీ టీవీ ముందే కూర్చున్నారట. అన్నం ముట్టలేదటండీ," అంది. "హైదరాబాదులో ఇల్లు కట్టుకున్నారు. ఏమవుతుందోనని ఆయన దిగులు."

"మా యాడి గూడ తినలే," అన్నాను. ఆమెకు తెలియదని, "అమ్మ," అని చేర్చాను. ఒకే టీవీ ఆగిపోయి రెండిళ్లలో అన్నం చల్లారుతోంది. ఆమె గెలిస్తే నేను ఏడుస్తాను, నేను గెలిస్తే వాళ్ల నాన్న. గెలవకుండా ఉండలేను మేడమ్, అనుకున్నాను, మీ నాన్న ఇంటి గోడలు మేం తినం, ఆయన అన్నం తినాలి. ఇదంతా పైకి అనలేదు, ఇల్లు ఏడికి పోతది మేడమ్, ఉంటది, అన్నాను. పొగమంచులోంచి ఒక చేయి వచ్చింది, చేతిలో అల్లం మురబ్బా ముక్క. తీసుకుని నోట్లో వేసుకున్నాను. కారం ముక్కులోకి ఎక్కింది, కళ్లలో నీళ్లు తిరిగాయి.

యాడి. ఇప్పుడు టీవీ కోసం ఎవరింటి గడప మీద కూర్చుని ఉందో. నిన్న ఫోనులో, పడ్డవా అని అడగలేదు, ఎన్నిసార్లు లేచినవ్ అని అడిగింది. నాకు ఎనిమిదేళ్లప్పుడు పత్తి తీసుకుని కేసముద్రం మార్కెట్టుకు ట్రాక్టరు మీద పోతుంటే, మా బాపు పూల్‌సింగ్ నన్ను కింద కూర్చోమన్నాడు, ఆడపిల్ల పైన నిలబడొద్దన్నాడు. యాడి తన పక్కన పత్తి నింపిన బోరాల మీద నిలబెట్టింది. పట్టుకోవడానికి ఏమీ లేదు, కింద పత్తి మెత్తగా దిగబడుతోంది, ట్రాక్టరు ఎగిరెగిరి పడుతోంది. మోకాళ్లు మెత్తగ పెట్టు బిడ్డా, దూరం చూడు, అంది. స్టేషను పక్కన రైలు కట్ట, దాని మీద పోతున్న గూడ్సు, లారీల వరుస, మార్కెట్టు రేకుల కప్పు, అన్నీ నాకంటే పొట్టిగా కనిపించాయి. ఆ రోజు నేను ముందుకే చూశాను. అవును, ముందుకే చూశాను! కండక్టరు కాకముందు నాకు ముందు చూపు ఉండేది. పదేళ్లుగా నేను రోడ్డే చూడలేదు, ఎక్కడ మలుపో ఎక్కడ గుంతో ఎవరి గొంతులోంచో వినేదాన్ని, ఆ గొంతు దిగిపోగానే నేనూ పడిపోయాను. కొత్త పిల్లవాడు బ్రేకు తొక్కే ముందు ఏ చప్పుడూ చేయడు, చేయాలని రూలు ఎక్కడుంది? ఇక్కడ మాత్రం బ్రేకు తొక్కేవాడే లేడు. ముందు కొసలు దగ్గరికి, మడమలు దూరం, అదే బ్రేకు, అది నీ కాళ్లలోనే ఉంది, అని గురూజీ నాలుగు రోజులుగా చెబుతున్నది ఇదేనా? నా బండికి డ్రైవరును నేనే. ఇంత చిన్న విషయం ఎక్కడానికి ఈ మొద్దు బుర్రకు ఇంత మంచు కావాల్సి వచ్చింది.

గాలి మారింది. ఎడమ చెంప నుంచి ముక్కు మీదికి వచ్చింది, ఎదురుగా, కిందినుంచి. కర్ర కొస కనబడింది. తర్వాత నా పలకల కొసలు, తర్వాత గురూజీ నీలం టోపీ, తర్వాత ఆయన ముందు వాలు, తెల్లగా, పొడుగ్గా, వంకర తిరిగి దేవదారు చెట్ల దాకా. చెట్ల కింద ఇంకా మబ్బే ఉంది, టీ కొట్టు కనబడదు. ఎవరు ముందు, అని అడిగాడు గురూజీ. నలుగురు కుర్చీలో కూర్చుని వెళ్లిపోయినట్టున్నారు, మిగిలింది అయిదుగురం.

"మీరు వెళ్లండి. నేను మీ వెనకాలే వస్తాను, మీరెలా తిరిగితే అలా తిరుగుతాను," అంది గుంటూరు మేడమ్.

కొంప మునిగింది. వెనక ఎవరూ లేరని ఇప్పుడే కదా మెడకు నచ్చజెప్పాను, ఇప్పుడు ప్యాసింజరు ఎక్కింది! సరే, రానీ. ఊపిరి పీల్చాను. ఎవరు చెప్పాలి రైటు? నేనే చెప్పాలి. రైట్ రైట్, అని అరిచాను, కొండ నా మాటను నాకే తిప్పి పంపింది, గురూజీ ఉలిక్కిపడ్డాడు, నేను అప్పటికే కదిలాను.

మోకాళ్లు మెత్తగా. దూరం చూడు. పలకల కింద మంచు బియ్యం చెరిగినట్టు చప్పుడు చేస్తోంది, గాలి చెవుల్లో, కంట్లో నీళ్లు. మొదటి మలుపు, ఎడమ కాలు మీద బరువు, తిరిగాను, తిరిగానే! రెండో మలుపు. వెనక ఏదో చప్పుడు, దబ్బుమని, పడిందా? మెడలో నరం లాగుతోంది. ఒక్కసారి, ఒక్క చూపు, ముసలమ్మ రెండో కాలు లోపల పెట్టిందా? లేదు. కండక్టరుకు చెవులు కూడా ఉన్నాయి. "మేడమ్, వస్తున్నరా?" అని ముందుకే చూస్తూ అరిచాను. "వస్తున్నానండీ, పడి లేచాను, మీరాపొద్దు!" అని పైనుంచి గొంతు. ఆపను. ఎందుకాపుతాను? వాలు నిటారైంది, వేగం ఎక్కువైంది, ఇంత వేగంలో నేనెప్పుడూ లేను, చెట్లు మీదికి వస్తున్నాయి, చేతులు కమ్మీ కోసం గాలిలో వెతికాయి, గాలిలో కమ్మీ లేదు. ఖుహుఁ. అది నా గొంతే. నేనే గొంతు సవరించుకున్నాను! మోకాళ్లు విన్నాయి, వంగాయి, మడమలు దూరం జరిగాయి, మంచు రెండు పక్కలా లేచింది, పలకలు నెమ్మదించాయి, పెంపుడు ఎడ్లలా మాట విన్నాయి. నవ్వొచ్చింది. గట్టిగా నవ్వాను, ఒంటరిగా, నోట్లోకి మంచు పోతుంటే కూడా నవ్వాను. మళ్లీ వదిలాను. మళ్లీ ఖుహుఁ. మళ్లీ వదిలాను. ఎప్పుడు పోవాలో నేనే చెబుతున్నాను, ఎప్పుడు ఆగాలో నేనే చెబుతున్నాను, నా జన్మలో ఇంత సంతోషం నేను ఎరుగను.

చెట్లు దాటాను, మబ్బులోకి దిగి మబ్బు కిందికి వచ్చాను. టీ కొట్టు, దాని రేకుల కప్పు, దాని ముందు నల్ల చీమల్లా మనుషులు. ఎగురుతున్నారు. ఒకడు అద్దె కోటు విప్పి గాలిలో తిప్పుతున్నాడు, ఒకడు మంచు దోసిళ్లతో తీసి అందరి నెత్తినా గులాలులా చల్లుతున్నాడు, ఎవరో ఖాళీ నూనె డబ్బా మీద దరువు వేస్తున్నారు, ఆ దరువు నాకు తెలుసు, డిపో గేటు ముందరి దరువు. మహిపాల్ మంచులో పడి దొర్లుతున్నాడు, వాడి పెళ్లాం వాడి మీద మంచు పోస్తోంది. ఎవరూ ఏమీ చెప్పలేదు, చెప్పాల్సిన పని లేదు. వచ్చింది. వచ్చింది! కళ్లు మసకబారాయి, నీళ్లలోంచి ఎవరెవరో తెలియడం లేదు, ఇప్పుడు పడితే అన్యాయం, రాజీ, ఇప్పుడు పడకు. ఇంకా వంద అడుగులు ఉన్నాయి. ఒకాయన పరుగెత్తుకుంటూ నాకు ఎదురు వస్తున్నాడు, చేతులు చాపి, ప్రకాశ్, జరగవయ్యా ముందర్నుంచి, బండొస్తాంది! జరగలేదు. ఖుహుఁ. మడమలు దూరం. ఆయన ముక్కుకు మూరెడు దూరంలో ఆగాను. నిలబడి ఆగాను.

"రాష్ట్రం వచ్చింది!" అన్నాడు, బాయిలో పనిచేసే ఆ మొరటు మనిషి, ముక్కు కారుతూ. "టీవీల ఏం రాలే, ఫోన్లల్ల వచ్చింది. లోక్‌సభల అయిపోయింది. నువ్వు పడలే?"

"పడలే," అన్నాను. కోటు లోపలి జేబులోంచి కాగితం తీసి ఆయన ముద్దయిన రాతను రెండు ముక్కలు చేశాను, నాలుగు, ఎనిమిది. ఆయన ఒక్క క్షణం చూసి, ఆ ముక్కలు నా చేతిలోంచి తీసుకుని, మంచుతో కలిపి మహిపాల్ నెత్తిన చల్లాడు. నీ ఇష్టం అనలేదు. వెనకనుంచి గుంటూరు మేడమ్ వచ్చింది, ఒళ్లంతా మంచు, ఆగడం రాక నన్నే పట్టుకుని ఆగింది. అందరినీ చూసింది, అర్థమైంది. తర్వాత తొడుగు తీసి చేయి చాపింది.

"మంచిదండీ," అంది. "నాన్నకు ఫోన్ చేయాలి. అన్నం తినమని చెప్తాను." ఆమె చేయి వెచ్చగా ఉంది.

ఫోనులో గీతలు వచ్చినట్టున్నాయి, జేబులో మోగింది. చెవి దగ్గర పెట్టుకున్నాను. ముందు గొంతు సవరించుకున్న చప్పుడు వచ్చింది. నా మోకాళ్లు వంగాయి.

"చెల్లె," అన్నాడు బిక్షపతన్న. వెనక జనగామ మోత, పటాకులు, హారన్లు, ఎవరో ఆడపిల్లల కేకలు. ఆయన ఏడుస్తున్నాడు. "ఎల్లుండి రాజ్యసభల ఉన్నదట. అయితది. గది గూడ అయితది. నువ్వేడున్నవ్, కూసున్నవా?"

"నిలవడ్డనే అన్నా," అన్నాను. "గిప్పుడే కొండ దిగిన. సోమారం డ్యూటీ ఎక్కుతాన్న. కిటికీ కాడ గాదు, బండ్లనే."

అవతల ముక్కు చీదుకున్న చప్పుడు. తర్వాత ఆయన గొంతు, ఎంతో మర్యాదగా, ఎప్పుడూ బస్సెక్కని కొత్త మనిషి కండక్టరును అడిగినట్టు అడిగింది.

"అమ్మా, తరిగొప్పులకు ఒక టికెట్."

"ఇస్త గని," అన్నాను, "చిల్లర తెచ్చుకోవాలె. నోటిచ్చినవనుకో, జనగామ గూడ దాటకముందే దింపేస్త."